సత్తువ జారుడుకు నెంబరు

లూదియా ఏం ఉద్యోగం చేస్తుందో ఆళ్లగడ్డలో సరిగ్గా తెలిసినవాళ్లు తక్కువ. నంద్యాలలో పెద్ద ఆసుపత్రిలో పని అని తెలుసు. తెల్లకోటు వేసుకోదని, సూది వేయదని కూడా తెలుసు. మరి ఏం చేస్తుందయ్యా అని గట్టిగా అడిగితే, "జబ్బులకు నెంబర్లేస్తాది" అనేవారు, లారీలకు వేసినట్టు. నిజం చెప్పాలంటే ఆ పనిని అంతకంటే బాగా ఎవరూ వివరించలేరు. డాక్టర్లు కోడి గీరినట్టు గీరిన కేసు షీట్లను చదవడం, అందులోని జబ్బును కంప్యూటర్ జాబితాలో వెతకడం, దాని నెంబరు దానికి తగిలించడం. ఆసుపత్రిలో దీన్ని కోడింగ్ అంటారు. మనిషి ఎంత మూలిగినా సరే, ఆ నెంబరు పడేదాకా కాగితం మీద అతనికి జబ్బు లేనట్టే.

ఆ జాబితా మామూలు జాబితా కాదు. అందులో చిలక కరిస్తే ఒక నెంబరు, తాబేలు కరిస్తే ఇంకో నెంబరు ఉన్నాయి. నంద్యాల జనంలో తాబేలు చేత కరిపించుకున్నవాడు ఇంతవరకు ఒక్కడూ రాలేదు. అయినా వస్తే ఇబ్బంది పడకూడదని ఎవరో మహానుభావులు ముందే ఏర్పాటు చేసి పెట్టారు. లూదియాకు ఆ జాబితా అంటే ప్రాణం. ఆమె చిన్నప్పటి నుంచీ అంతే. తండ్రి యాకోబు శిరివెళ్లలో బడి అయ్యవారు. ఆయన పెళ్లిళ్లకు వెంట తీసుకుపోతే, విస్తట్లో వడ్డించిన కూర పేరు తెలిసేదాకా ఈ పిల్ల ముద్ద ఎత్తేది కాదు. వంటవాడిని పిలిపించిన సందర్భాలున్నాయి. పేరు లేనిదాన్ని నమ్మే అలవాటు ఆమెకు ఏనాడూ లేదు.

అలాంటి మనిషికి పేరు లేని జబ్బుతో మొగుడు తయారయ్యాడు. దేవుడికి కూడా రొంత వెటకారం ఉంటుందనుకోవాలి.

మొగుడి పేరు జోసెఫ్. అహోబిలంలో జీపు తోలేవాడు. ఆదివారం చర్చి, మిగిలిన ఆరు రోజులు నరసింహస్వామి భక్తులు. "మీ దేవుడు ఏమనుకోడా ప్పా?" అని ఎవరైనా అడిగితే, "మా దేవునికి మా ఇంటి సంగతి బాగా తెలుసులేన్నా" అని గేరు మార్చేవాడు. జీపు అతనిది కాదు. ఆళ్లగడ్డలో పొలాలు, ఇళ్లు, రెండు జీపులు ఉన్న సుబ్బయ్యది. జోసెఫ్ పని గురించి సుబ్బయ్యకు కూడా వంక పెట్టడానికి ఏమీ దొరికేది కాదు. వంక పెట్టడం సుబ్బయ్యకు ఆకలి వేసినంత సహజమైన సంగతి కాబట్టి, ఇది చిన్న మెప్పు కాదు.

మూడేళ్ల కిందట వానాకాలంలో జోసెఫ్‌కు జ్వరం వచ్చింది. కీళ్లు పట్టేసి మంచం మీద నుంచి కాలు కింద పెట్టలేకపోయాడు. వీధిలో సూదులు వేసే నరసింహులు వచ్చి, చెయ్యి పట్టి చూసి, "చికున్‌గున్యా. రక్తపరీక్ష దండగ, నేను చూస్తే చెప్పలేనా?" అని సూది పొడిచాడు. జ్వరం పోయింది. దాంతోపాటు పోయిన సత్తువ మాత్రం తిరిగి రాలేదు. పొద్దున్నే జోసెఫ్ బాగానే లేచేవాడు, బాగానే తిరిగేవాడు. పదకొండు దగ్గరికొచ్చేసరికి ఒంట్లో సత్తువ మొత్తం కిందికి జారిపోయేది. నిలబడితే నిలబడ్డ చోట, కూర్చుంటే కూర్చున్న చోట పడుకోవాల్సిందే. సాయంత్రానికి కాస్త తేరుకునేవాడు.

ఊళ్లో ఈ సంగతి తెలిసిపోయింది ఒక్క రోజులోనే. బళ్లారి నుంచి వచ్చిన భక్తులను ఎక్కించుకుని పావన నరసింహస్వామి గుడికి అడవిదారిన పోతూ, జోసెఫ్ ఉన్నట్టుండి జీపు ఆపాడు. "ఏమనుకోవద్దండి, నేను రొంతసేపు పండుకుంటా" అని దిగి, ఒక చెట్టు కింద నేల మీదే వాలిపోయాడు. భక్తులు ముందు తిట్టారు, తర్వాత భయపడ్డారు, ఆ తర్వాత పులిహోర పొట్లాలు విప్పుకున్నారు. వాళ్లలో ఒక ముసలమ్మ, ఇతనికి స్వామి పూనాడేమోనని కొబ్బరికాయ కొట్టి, కాళ్లకు పసుపు రాసి, మనవరాలి పెళ్లి ఎప్పుడవుతుందో చెప్పమని అడిగింది. జోసెఫ్ కళ్లు తెరవకుండానే "నాకు తెల్దమ్మా" అన్నాడు. స్వామి చెప్పనన్నాడని ఆమె ఏడ్చింది.

మర్నాడు సుబ్బయ్య జీపు తాళం తీసేసుకున్నాడు. "జోసెపా, నీకుండేది రోగం కాదప్పా, రాజభోగం" అన్నాడు. ఆ మాట ఆళ్లగడ్డకు ఎంత నచ్చిందంటే, ఆ రోజు నుంచి జోసెఫ్‌ను పేరు పెట్టి పిలిచినవాడు లేడు. "రాజాగారు లేచినాడా?" అని పాలవాడు కూడా అడిగేవాడు.

లూదియా భర్తను తన ఆసుపత్రిలోనే చూపించింది. పెద్ద డాక్టరు అజయ్ కుమార్ ఉన్న పరీక్షలన్నీ చేయించాడు. చెడ్డవాడు కాదాయన, ఓపికగానే చూశాడు. "అమ్మా, రిపోర్టులన్నీ నార్మల్. నా కొలెస్ట్రాల్ కంటే ఆయనదే బాగుంది" అన్నాడు.

జ్వరం తర్వాత వచ్చే నీరసానికి జాబితాలో ఒక నెంబరు ఉంది. లూదియాకు అది కంఠతా వచ్చు. కానీ ఆ నెంబరు వేయాలంటే ఆ జ్వరం వచ్చినట్టు ల్యాబు రిపోర్టు ఉండాలి. నరసింహులు చూపు ల్యాబు రిపోర్టు కిందికి రాదు. కాబట్టి జోసెఫ్‌కు వచ్చిన జ్వరం రానట్టే, తర్వాత వచ్చిన నీరసం కూడా లేనట్టే.

ఇంతకంటే పెద్ద బాధ ఇంకొకటి ఉంది. లూదియా కూడా మొగుణ్ని నమ్మలేదు. నోటితో ఎన్నడూ అనలేదు. సాయంత్రం బస్సు దిగి, మార్కెట్టులో కూరగాయలు మోసుకుని, ఇంటికొచ్చేసరికి మంచం మీద మనిషిని చూస్తే మాత్రం, లోపల ఒక గొంతు 'ఇంత మనిషి, రిపోర్టులన్నీ బాగున్న మనిషి' అని గొణిగేది. ఆ గొంతు సుబ్బయ్య గొంతులాగే ఉండేది. దాన్ని తలుచుకుని ఆమె సిగ్గుపడేది, బస్సులో కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకునేది. ఒక్క నెంబరు దొరికితే ఊరి నోరు మూతపడుతుంది. అంతకు ముందు తన లోపలి నోరు మూతపడుతుంది. ఆమెకు కావాల్సిందల్లా అంతే.

జాబితాలో లేని జబ్బు కనబడితే కోడింగువాళ్లు "ఇతరములు" అనే గడిలో దాన్ని మాటల్లో రాస్తారు. ఆ జాబితాను, దాని సాఫ్ట్‌వేరును చాలా ఆసుపత్రులకు అమ్మే కంపెనీ ఒకటి హైదరాబాదులో ఉంది. అక్కడ పదాల విభాగంలో సాయి ప్రియ అనే అమ్మాయి పనిచేసేది. లూదియా ఒకరోజు ఉండబట్టలేక ఆమెకు ఫోన్ చేసింది.

"కొత్త జబ్బును జాబితాలో చేర్చాలంటే ఏం చేయాలమ్మా?"

"జబ్బును చేర్చమండి, మాటను చేరుస్తాం" అంది సాయి ప్రియ చాలా మర్యాదగా. "జబ్బు ఉందా లేదా అనేది మా పని కాదు మేడం. జనం ఆ మాట వాడుతున్నారా లేదా అనేదే మా పని. ఎక్కువ ఆసుపత్రుల నుంచి ఒకే మాట 'ఇతరములు'లో వస్తే అది పరిశీలనకు వస్తుంది. ఇద్దరు డాక్టర్లు సంతకం పెట్టాలి. కమిటీ కూర్చుని నిర్వచనం రాస్తుంది. ఆరు నెలలకోసారి కొత్త జాబితా విడుదలవుతుంది."

"అంటే లేని జబ్బుకు కూడా నెంబరిస్తారా?"

"మాట ఉంటే ఇస్తామండి. తర్వాత లేదని తేలితే ఆ నెంబరును నిద్రపుచ్చుతాం."

"మరి జబ్బు ఉండి, మాట లేకపోతే?"

సాయి ప్రియ కొంచెం ఆలోచించింది. "అది మాకు కనిపించదండి" అంది.

ఆ వారమే ఆ జబ్బుకు మాట పుట్టింది. అది పుట్టింది ఏ ఆసుపత్రిలోనూ కాదు, హన్నమ్మ ఇంట్లో.

శుక్రవారం సాయంత్రాలు ఆ వీధి క్రైస్తవ ఆడవాళ్లు ఒక్కో ఇంట్లో కూడి ప్రార్థన చేసుకుంటారు. ఎవరి కష్టం వాళ్లు చెప్తే అందరూ కలిసి దానికోసం ప్రార్థిస్తారు. ప్రార్థన నడిపేది హన్నమ్మ. ఆమె దగ్గర ఒక కట్టుబాటు ఉంది. కష్టం పేరు స్పష్టంగా చెప్పాలి. ఊరికే "బాగలేదు" అంటే ఆమె కళ్లు మూయదు.

"ఈ వారం మా ఆయన కోసం, పిన్నమ్మా. ఒంట్లో బాగలేదు" అంది లూదియా.

"బాగలేదంటే? షుగరా, బీపీనా, గ్యాసా? దేవునికి ఏమని చెప్పాల? లోకమంతా మొరపెట్టుకుంటాంది, ఆయన యాడని వెతుక్కుంటాడు?"

"పేరు తెల్దు పిన్నమ్మా. పదకొండయితే సత్తువ జారిపోతాంది."

హన్నమ్మ వెంటనే కళ్లు మూసింది. "తండ్రీ, ఈ సత్తువ జారుడు అనే రోగము నుండి నీ దాసుడైన జోసెఫును విడిపించుము" అని గొంతెత్తింది. చుట్టూ ఉన్నవాళ్లంతా ఆమేన్ అన్నారు. పెద్ద పెద్ద వైద్యశాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి చేయలేని పనిని హన్నమ్మ ఒక్క ఊపిరిలో చేసేసింది.

మరుసటి శుక్రవారం ముగ్గురు ఆడవాళ్లు తమకు కూడా సత్తువ జారుడే అని చెప్పుకున్నారు. ఒకామె తన మరిదికి ఉందని చెప్పింది. అది జబ్బు అని ఇన్నాళ్లు తెలియక తిట్టుకున్నామని ఏడ్చింది. ప్రార్థన మనవులు వాట్సాప్‌లోకి ఎక్కాయి. అక్కడి నుంచి మాట కూరగాయల మార్కెట్టుకు పోయింది, జీపుల స్టాండుకు పోయింది, అహోబిలం వచ్చిన భక్తుల నోట ఊళ్లు దాటింది. బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టేవాళ్లు పొద్దెక్కితే మిషను ఆపి "సత్తువ జారుడప్పా" అనసాగారు. డోన్‌లో లారీ డ్రైవర్లకు వచ్చింది. హన్నమ్మ ప్రార్థన ఏ విగ్రహారాధకుడినీ వదిలిపెట్టలేదు, అహోబిలం అర్చకుడి తమ్ముడిని కూడా పట్టుకుంది.

ఆసుపత్రులన్నింటిలో ఒకటే పాట. "ఏమైంది?" అని డాక్టరు అడగడం ఆలస్యం, "సత్తువ జారుడు సార్" అని రోగి జవాబు. డాక్టర్లు వేరే దారి లేక రోగి చెప్పిన మాటనే రాశారు. కోడింగువాళ్లు దాన్ని "ఇతరములు"లో కొట్టారు. లూదియా ఒక్కటి కూడా దొంగతనంగా కలపలేదు, ఆ అవసరమే రాలేదు. ఒకనాటి మధ్యాహ్నం ఆమె తెర మీద 'ఈ పదం పరిశీలనలో ఉంది' అని పసుపు అక్షరాలు వెలిగాయి. అప్పుడు ఆమె గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, దానికి కూడా ఒక నెంబరు ఉందని ఆమెకు గుర్తొచ్చింది.

ఇక సంతకాలు. చిన్న డాక్టరు పూర్ణిమ వెంటనే పెట్టింది. "పేరు చేరిస్తే జబ్బు ఉందని ఒప్పుకున్నట్టు కాదు సార్. జనం ఏం చెప్తున్నారో లెక్క తెలుస్తుంది" అని ఆమె వాదన. అజయ్ కుమార్ ఒప్పుకోలేదు. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! ఈరోజు సత్తువ జారుడు అంటారు, రేపు దిష్టి అంటారు, ఎల్లుండి చేతబడికి నెంబరడుగుతారు. పేరు పెట్టాక ఆ జబ్బు ఒళ్లు వెతుక్కుంటూ తిరుగుతుంది పూర్ణిమా" అన్నాడు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు, అప్పటికే అది తిరుగుతూనే ఉంది. ఇద్దరూ నెల రోజులు క్యాంటీనులో చెరో బల్ల దగ్గర టీ తాగారు. మన సీమలో రెండు పక్షాలు ఏర్పడటానికి పొలం గట్టే కావాలని లేదు కదా. నర్సులు, అటెండర్లు, లిఫ్టు నడిపే మనిషి అందరూ ఏదో ఒక పక్షంలో చేరిపోయారు.

చివరికి అజయ్ కుమార్‌ను వంచింది శాస్త్రం కాదు. బనగానపల్లె నుంచి ఆయన అత్తగారు ఫోన్ చేసి, తనకు సత్తువ జారుడు వచ్చిందని, అల్లుడు ఇంత పెద్ద డాక్టరై ఉండి ఇది లేదని అంటున్నాడట, ఎంత అవమానమని శోకాలు పెట్టింది. మరునాడు ఆయన సంతకం పెట్టాడు. పెడుతూ ఒక్క షరతు పెట్టాడు, నిర్వచనం మాత్రం తనే రాస్తానన్నాడు.

కమిటీ వీడియోలో కూర్చుంది. ఏడెనిమిది ఊళ్ల నుంచి డాక్టర్లు చిన్న చిన్న గడుల్లో కనిపించారు. ఆసుపత్రి తరపున లూదియాను కూడా ఒక గడిలో కూర్చోబెట్టారు. మొదటి గంట జబ్బును ఏ వర్గంలో పడేయాలో తేల్చుకోవడానికే సరిపోయింది. ఒకాయన నరాల కింద అన్నాడు, ఇంకొకాయన మనసు కింద అన్నాడు, మూడో ఆయనకు వినిపించక జీర్ణకోశం కింద అన్నాడు. తర్వాత ఒకామె, "జారుడు ఎడమవైపా, కుడివైపా? ప్రతి అవయవానికీ ఎడమ కుడి వేరుగా చూపాలని నియమం ఉంది కదా" అని లేవదీసింది. "ఒళ్లంతా జారితే?" "ఉభయపార్శ్వ సత్తువ జారుడు అని మూడో నెంబరు ఇవ్వాలి." "కింది నుంచి పైకి జారితే?" "అలా జారినట్టు ఎవరైనా చూశారా?" దీని మీద ఉపసంఘం వేశారు.

ఆ అలసటలో అజయ్ కుమార్ తన నిర్వచనం చదివాడు. మనిషి కనీసం ఆరు నెలలుగా మధ్యాహ్నం కాకముందే పడుకుంటూ ఉండాలి. పరీక్షలన్నీ నార్మల్‌గా ఉండాలి. ఆకలి బాగుండాలి. దీనికి ముందు ఎలాంటి జ్వరమూ వచ్చి ఉండకూడదు, రోగి నోటిమాటగా చెప్పిన జ్వరమైనా సరే. "జ్వరం తర్వాతి నీరసానికి వేరే నెంబరు ఉండనే ఉంది. ఒకే జబ్బుకు రెండు నెంబర్లు ఉండకూడదు" అని వివరించాడు. ఇన్ని షరతులకు సరిపోయే మనిషి జిల్లాలోనే దొరకడని, పేరు ఉన్నా జబ్బు ఉండదని ఆయన ధీమా.

లూదియా కుర్చీలోంచి లేచి నిలబడింది. పరీక్ష చేయించుకోని జ్వరాల సంగతి చెప్పింది, ఊళ్లలో సూదులేసేవాళ్ల సంగతి చెప్పింది, ఆ నెంబరూ దక్కక ఈ నెంబరూ దక్కక మధ్యలో పడిపోయే మనుషుల సంగతి చెప్పింది.  అంత చక్కగా ఆమె జీవితంలో ఎప్పుడూ మాట్లాడలేదు. తెర మీద ఎవరి ముఖంలోనూ చలనం లేదు. ఆమె మైకు మూసి ఉంది. ఆమె మాటలన్నీ విన్నది ఆ గదిలోని ఫ్యాను ఒక్కటే. మైకు తెరిచే బటన్ దొరికేసరికి "ఆమోదించాం, అందరికీ ధన్యవాదాలు" అని గడులు ఒక్కొక్కటే నల్లబడ్డాయి. సాయి ప్రియకు ఫోన్ చేస్తే, "మార్పు కావాలంటే మళ్లీ పరిశీలనకు రావాలండి. మాట ఎలాగూ చేరింది కదా, కంగ్రాచులేషన్స్ మేడం" అంది.

కొత్త జాబితా విడుదలైన రోజు ఆసుపత్రి మెట్ల మీద కూడా మనుషులు కూర్చున్నారు. అజయ్ కుమార్ తన నిర్వచనం చేతబట్టుకుని ఒక్కొక్కరినీ జల్లెడ పట్టాడు. జ్వరం ఎరగరు, రిపోర్టులు బంగారం, ఆకలి అద్భుతం, పొద్దెక్కితే పడక. ఎవరూ ఉండరని రాసిన షరతులు ఊరిలోని ప్రతి సోమరికీ కొలిచి కుట్టించిన చొక్కాలా సరిపోయాయి. ఆయన సంతకం పెడుతూ పెడుతూ పాలిపోయాడు. రెండో రోజు ఆయనకే పదకొండు గంటలకు కళ్లు తిరిగాయి.

ఆళ్లగడ్డ నుంచి మొదట నెంబరు పొందినవాడు ఎవరనుకున్నారు? సుబ్బయ్య. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆయన పది గంటలకు సంకటి తిని పదకొండుకు మంచమెక్కుతాడు. ఇన్నేళ్లు దాన్ని అలవాటు అనుకున్నాడు. ఇప్పుడు అది రోగమని తెలిసి ఆయన నడకలోనే గాంభీర్యం వచ్చింది. చేతిలో కర్ర వచ్చింది. భార్య భారతమ్మ వెనక నీళ్ల సీసా పట్టుకుని నడవసాగింది. ఒకరోజు దారిలో ఆగి, వాకిట్లో మంచం మీద పడుకుని ఉన్న జోసెఫ్‌ను పలకరించాడు.

"జోసెపా, ఇది శానా కష్టమైన రోగమప్పా. ఒంట్లో సత్తువంతా జారిపోతాది. నీకు చెప్పినా అర్థం కాదులే."

జోసెఫ్ ఆయన వంక చాలాసేపు చూశాడు. "జాగ్రత్తన్నా" అన్నాడు.

లూదియా లోపల నిలబడి ఇదంతా వింది. ఆ రోజే నిర్ణయించుకుంది. మరునాడు పొద్దున బస్సులో, శిరివెళ్ల దాటాక, చుట్టుపక్కలవాళ్లకు వినబడకుండా మొగుడి చెవిలో చెప్పింది.

"డాక్టరు ముందు జరం వచ్చిందా అని అడుగుతాడు. రాలేదని చెప్పు. ఒక్క మాటే గదా. రాలేదంటే నెంబరు నేనే వేస్తా."

జోసెఫ్ కిటికీలోంచి వరిమళ్లు చూస్తూ కూర్చున్నాడు. ఒప్పుకున్నాడని ఆమె అనుకుంది.

అజయ్ కుమార్ గదిలో అన్నీ సాఫీగా నడిచాయి. పరీక్షలు నార్మల్. ఆకలి ఉంది. పదకొండుకు పడుకుంటాడు. డాక్టరు కళ్లజోడు పైకి జరుపుకుని చివరి ప్రశ్న అడిగాడు.

"దీనికి ముందు జ్వరమేమైనా వచ్చిందా?"

డాక్టరు కుర్చీ వెనక నిలబడి లూదియా తల అడ్డంగా ఊపింది. ఊపుతూనే ఉంది.

జోసెఫ్ ఆమె వైపు చూశాడు. తర్వాత డాక్టరు వైపు చూశాడు.

"వచ్చింది సార్" అన్నాడు. "మూడేండ్లయింది. ఎముకలు ఒక్కొక్కటే ఇరిసినట్టు వచ్చింది. రాలేదని ఎట్ల చెప్పాల?"

అజయ్ కుమార్ పెన్ను కింద పెట్టాడు. ఆయనకు బాధగానే ఉంది. "జ్వరం వచ్చిందంటే ఇది ఆ జబ్బు కాదయ్యా. వచ్చినట్టు రిపోర్టు లేదు కాబట్టి అదీ కాదు. ఏం రాయమంటావు?" అన్నాడు. జోసెఫ్ లేచి దండం పెట్టాడు.

మెట్లు దిగుతుండగా లూదియాకు ముందు కోపం వచ్చింది. ఒక్క మాట, ఒకే ఒక్క మాట చెప్పలేకపోయాడే అని పళ్లు కొరికింది. గేటు దాటేసరికి ఆ కోపం కాళ్ల కిందికి దిగిపోయింది. ఊరంతా ఈ మనిషిని నటిస్తున్నాడంది. నటించేవాడైతే ఆ ఒక్క అబద్ధం ఆడి, నెంబరు జేబులో వేసుకుని, సుబ్బయ్య పక్కన మంచం వేసుకునేవాడు. ఇంతమంది ఆ ప్రశ్నకు జవాబు చెప్పి జబ్బు సంపాదించుకున్నారు. జబ్బు ఉన్నవాడు నిజం చెప్పి పోగొట్టుకున్నాడు. లూదియా నడిరోడ్డు మీద ఆగిపోయింది. మూడేళ్లు ఒక మనిషితో ఒకే ఇంట్లో ఉండి, అతని కష్టాన్ని కంప్యూటర్ చెప్తే నమ్ముదామని కూర్చుంది తను.

బస్టాండు చేరేసరికి పదకొండయింది. జోసెఫ్ మొహం తెల్లబడింది. బెంచీ మీద కూలబడి, అలాగే పక్కకు వాలాడు. అలాంటప్పుడు లూదియా ఎప్పుడూ నాలుగడుగులు దూరంగా నిలబడి, తనకు సంబంధం లేనట్టు బస్సుల బోర్డులు చదివేది. ఈసారి బెంచీ చివర కూర్చుని అతని తల తన ఒళ్లో పెట్టుకుంది.

పూలబుట్ట పెట్టుకుని పక్కన కూర్చున్న ఒకామె తొంగిచూసింది. "ఏందమ్మా, తాగినాడా?"

"లేదమ్మా. మా ఆయనకు బాగలేదు."

"ఏం జబ్బు? సత్తువ జారుడా?"

"కాదు. దానికి పేరు లేదు" అంది లూదియా.

పూలామె బుట్ట అవతలికి జరిపి, జోసెఫ్ కాళ్లు చాపుకోవడానికి చోటిచ్చింది.

ఒళ్లో ఉన్న జోసెఫ్ కళ్లు మూసుకునే అడిగాడు. "నమ్మినావా?"

"నమ్మినా."

"ఎప్పుడు?"

మొదటి నుంచీ అని చెప్పొచ్చు. ఒక్క మాటే. లూదియా గొంతు దాకా వచ్చింది కూడా.

"ఇందాక" అంది. "డాక్టరు గదిలో."

 జోసెఫ్ కనుకొసలోంచి ఒక చుక్క జారి ఆమె చీర మీద పడింది.

"తొందరగానే నమ్మినావులే" అన్నాడు.

ఆళ్లగడ్డ బస్సు వచ్చి ఆగింది. కండక్టరు రెండుసార్లు కేకేశాడు. లూదియా లేవలేదు.